చంటిపిల్లలున్న ఇంటికి ఎంత చిన్న కుక్క?

మూడేళ్ళ పిల్లాడి బరువు 13, 14 కిలోలు. టాయ్ పామరేనియన్ బరువు 2, 3 కిలోలు. వాడు దాన్ని చంకనెత్తుకుని నడుస్తూ జారవిడిచినా, సోఫా మీంచి దూకి దాని మీద పడినా ముందు విరిగేది దాని ముంగాలు. ఆ ఎముక పెన్సిల్ కంటే సన్నం. బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మనవాళ్ళు "ఇంట్లో చిన్నపిల్లలున్నారు కదా, బాగా చిన్న కుక్కని చూడండి" అని అడుగుతుంటారు. ఆ "కదా"లోనే పొరపాటంతా ఉంది.

ఒళ్ళు ఎంత చిన్నదైతే కుక్కకి పిల్లలంటే అంత భయం. కేకలు, పరుగులు, తోక లాగడం, ఉన్నట్టుండి మీద పడి కౌగిలించుకోవడం, ఇవన్నీ 30 కిలోల లాబ్రడార్‌కి చికాకు. 2 కిలోల చివావాకి ప్రాణభయం. భయపడ్డ కుక్క మొదట తప్పించుకుపోతుంది. మంచం కింద మూలకి తరిమితే ఇక దానికి మిగిలేవి పళ్ళే. నేల మీద కూర్చున్న పిల్లల ముఖం సరిగ్గా దాని నోటి ఎత్తున ఉంటుంది. అందుకే నేను చెప్పే లెక్క ఇది: పెద్దయ్యాక 6 నుంచి 12 కిలోల మధ్య ఉండే కుక్క. నిమిరితే నడుము గట్టిగా చేతికి తగలాలి, అవసరమైతే పెద్దవాళ్ళు ఒక్కరే ఎత్తుకుని లిఫ్ట్ ఎక్కగలగాలి. "టీకప్" అని అమ్మేవాటి జోలికి అసలు వెళ్ళొద్దు. అలాంటి బ్రీడ్‌ని కెన్నెల్ క్లబ్బులు (కుక్కల జాతుల్ని నమోదు చేసే సంఘాలు) గుర్తించవు. ఒక ఈతలో బలహీనంగా పుట్టినవాటిని కూడా ఆ పేరుతో అంటగడతారు. ఒక పూట తిండి తప్పితే చాలు, రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి.

పాకే పాపో, తప్పటడుగులు వేసే బాబో ఉన్న ఇంటికి 2 నెలల కుక్కపిల్లని తేవడమంటే ఇద్దరు పసివాళ్ళని ఒకేసారి పెంచడం. దాని పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. 4 నుంచి 6 నెలల మధ్య అవి ఊడి కొత్తవి వచ్చేదాకా కనిపించిందల్లా కొరుకుతుంది. పరిగెత్తే మడమలు, ఊగే గౌను అంచు దానికి ఆటవస్తువులు. పాప కేక పెట్టి పరిగెడుతుంది, అది ఇంకా హుషారుగా వెంటపడుతుంది. "పాప భయపడుతోంది, కుక్కని ఎవరికైనా ఇచ్చేద్దాం" అనే మాట ఇక్కడే పుడుతుంది. నా అభిప్రాయంలో ఇంట్లో చిన్నబిడ్డకి 5 ఏళ్ళు నిండేదాకా కుక్కపిల్ల వద్దు. అంతవరకు ఆగలేమంటే 2, 3 ఏళ్ళ వయసు కుక్కని, అదీ పిల్లలతో మెలిగిన కుక్కని తెచ్చుకోండి. అది ఎంత ఎదుగుతుందో, ఎంత మొరుగుతుందో, అన్నం గిన్నె దగ్గరికి మనిషి వస్తే ఎలా చూస్తుందో ముందే తెలిసిపోతుంది. కుక్కపిల్ల విషయంలో ఇవన్నీ ఊహలే.

బ్రీడ్ల సంగతికొస్తే, హచ్ ఫోన్ ప్రకటన తర్వాత మన ఇళ్ళలో అందరూ అడిగింది పగ్‌నే. ఓర్పు విషయంలో దానికి వంక పెట్టలేం. 6 నుంచి 8 కిలోల బరువు, పిల్లలు కాస్త మొరటుగా పట్టుకున్నా ఓర్చుకుంటుంది. చిక్కల్లా దాని మొహంతోనే. మూతి నొక్కేసినట్టుండటం వల్ల ముక్కురంధ్రాలు ఇరుకు, లోపల మెత్తటి అంగిలి పొడవెక్కువై గాలికి అడ్డం పడుతుంది. కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పుతూ చల్లబడుతుంది. ఆ రొప్పే దారే ఇరుకైతే ఒంట్లో వేడి బయటికి పోదు. చెన్నైలో మే నెల ఉక్కలో ఏసీ లేని ఇంట్లో పగ్‌ని, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ని పెంచడం వాటికి శిక్ష. బెంగళూరు కాస్త నయం, అయినా ఏప్రిల్‌లో ఉదయం 7 లోపు, సాయంత్రం 6:30 దాటాకే నడిపించాలి. ప్రమాదం ఎక్కువగా సెలవుల్లో జరుగుతుంది. పిల్లలు పదకొండింటికి మేడ మీద బంతి విసురుతూ ఉంటారు, పగ్ ఆపకుండా తెస్తూ ఉంటుంది, వద్దని ఆగడం దానికి తెలీదు. నాలుక ముదురు ఎరుపుకో ఊదారంగుకో తిరిగి, చొంగ జిగురుగా సాగుతూ, కాళ్ళు తడబడితే వడదెబ్బే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. ముందు ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి ఫ్యాన్ కింద పెట్టండి, ఆ తర్వాతే కారెక్కించండి. నీళ్ళు పోయకుండా ఆసుపత్రికి పరిగెడితే దారిలోనే ఆలస్యమైపోతుంది.

షిట్జూ ముక్కు కూడా పొట్టిదే, కాబట్టి ఎండ జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి. స్వభావం మాత్రం మెత్తన. దాని జుట్టు రోజూ దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ (ఛాతీకి కట్టే పట్టీ) రాసుకునే చోట జుట్టు ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంటుంది. పైకి ఏమీ కనపడదు. పాప ముద్దుగా అక్కడ చెయ్యేస్తే దానికి ప్రాణం పోయినంత నొప్పి, కసిరేస్తుంది. "ఉన్నట్టుండి కరిచింది" అనే ఫిర్యాదుల్లో కొన్నిటి అసలు కారణం ఈ ఉండలే. దువ్వే తీరిక లేనివాళ్ళు 6 వారాలకోసారి జుట్టు పొట్టిగా కత్తిరించేయండి, చూపుకి తగ్గినా కుక్కకి సుఖం.

డాక్స్‌హండ్ చిన్నపిల్లల ఇంటికి వద్దనే చెబుతాను. పిల్లలు కుక్కని ఎత్తేది ముంగాళ్ళ కింద చేతులేసి. దాని పొడవాటి వెన్ను గాల్లో వేలాడుతుంది. వెన్నుపూసల మధ్య డిస్క్ జారితే వెనక్కాళ్ళు చచ్చుపడతాయి.

బీగల్ స్వభావానికి సాటిలేదు, 10 కిలోల అటూ ఇటూ బరువు, గట్టి ఒళ్ళు. కానీ అది వేటకుక్క. రోజుకి గంట నడక తప్పనిసరి. నడవకపోతే ఊళపెడుతుంది, ఆ గొంతు మూడు అంతస్తులు దాటుతుంది. పిల్లల చేతిలో బిస్కెట్ లాక్కోవడం దానికి చిటికెలో పని. బెంగళూరులో కూపా అనే జంతు సంక్షేమ సంస్థ ల్యాబుల్లో ప్రయోగాలకి వాడిన బీగల్స్‌ని ఇళ్ళకి దత్తత ఇచ్చింది. అలాంటివి నెమ్మదస్తులే, కానీ ఇంటి చప్పుళ్ళు, మెట్లు, వీధి అన్నీ వాటికి కొత్త. నెలల తరబడి ఓపిక పట్టగలిగితేనే తీసుకోవాలి.

మన పాత ఇళ్ళలో పామరేనియన్ అని పిలిచిన తెల్లకుక్క చాలావరకు ఇండియన్ స్పిట్జ్. మన వాతావరణానికి అలవాటుపడ్డది, ధరా తక్కువే. ఒక మనిషినే అంటిపెట్టుకుంటుంది, బెల్ మోగితే చాలు గోల. 8 ఏళ్ళు దాటిన నిదానపు పిల్లలకి బాగుంటుంది.

నన్నడిగితే మొదటి ఎంపిక ఆడ ఇండీ కుక్క, అంటే మన దేశవాళీ కుక్క, లేదా ఇండీ కలిసిన చిన్న క్రాస్. 12 నుంచి 15 కిలోల దగ్గర ఆగేవి దొరుకుతాయి. నేను చెప్పిన లెక్కకి కాస్త ఎక్కువే, కానీ పొట్టి జుట్టు, పొడవు మూతి, ఎండకి తట్టుకునే ఒళ్ళు, అపార్ట్‌మెంట్‌లో తక్కువ అల్లరి. బెంగళూరులో కూపా, చెన్నైలో బ్లూ క్రాస్, బెసెంట్ మెమోరియల్ లాంటి చోట్ల అడగండి. అక్కడ అడగాల్సింది రంగు, వయసు కాదు. ఇది ఎవరింట్లోనైనా ఉందా, ఆ ఇంట్లో పిల్లలున్నారా, తింటున్నప్పుడు గిన్నె ముట్టుకుంటే ఏం చేస్తుంది, వారం రోజులు మా ఇంట్లో ఉంచి చూడొచ్చా అని అడగండి.

కొనే పక్షంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు గుర్తుంచుకోండి. అమ్మేవాళ్ళకి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, 8 వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు. నోటిమాట నమ్మక నోరు తెరిచి చూడండి. 8 వారాలకి దాదాపుగా 28 పాలపళ్ళూ వచ్చేసి ఉంటాయి. వెనక దవడపళ్ళు లేకపోతే తల్లి నుంచి ముందే విడదీసి ఉండొచ్చు. చెన్నైలో ప్రధాన కార్యాలయమున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. టీకాల పుస్తకంలో ప్రతి టీకా పక్కన సీసా మీంచి తీసి అంటించిన స్టిక్కర్, బ్యాచ్ నంబర్, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. పెన్నుతో "ఫస్ట్ డోస్ డన్" అని రాసి ఉంటే ఆ డోసు పడనట్టే లెక్క.

ఇంత పట్టింపు ఎందుకంటే పార్వో అనే వైరస్ జబ్బు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక సాధారణంగా 3 నుంచి 7 రోజులకి బయటపడుతుంది. ఆదివారం గంతులేస్తూ వచ్చిన కుక్కపిల్ల గురువారానికి వాంతులు, నెత్తురు విరేచనాలతో పడిపోతుంది. నాలుగు చోట్ల కుక్కపిల్లల్ని తెచ్చి ఒకే బోనులో కలిపే దుకాణాల్లో ఇది ఎక్కువ. చచ్చిపోయే కుక్కని చూడటం అయిదేళ్ళ పాపకి ఎంత గాయమో ఆలోచించండి. పైగా ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, ఒక వంతు బ్లీచ్ 30 వంతుల నీళ్ళలో కలిపి కడగాలి.

కుక్కపిల్లని చూడటానికి మొదటిసారి మీ పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. తీసుకెళితే ముందుగా ఎగబడి వచ్చినదాన్నే వాళ్ళు ఎంచుకుంటారు, అది ఆ ఈతలో అన్నిటికంటే దూకుడుది కావచ్చు. తల్లిని చూపించమనండి. మనుషుల్ని చూసి మూలకి నక్కే తల్లి పిల్లలకి ఆ బెదురు చాలావరకు వస్తుంది. తర్వాత నేల మీద కూర్చోండి. కుక్కపిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి పది అంకెలు లెక్కపెట్టండి. కాస్త గింజుకుని ఊరుకుంటే మంచిది. ఆపకుండా కొరికేది, బిగుసుకుపోయేది రెండూ చిన్నపిల్లల ఇంటికి సరిపడవు. కాలివేళ్ళ మధ్య మెల్లగా నొక్కండి, చెవి ముట్టుకోండి. నాలుగడుగుల దూరంలో స్టీలు పళ్ళెం మీద గరిటె జారవిడవండి. ఉలిక్కిపడి, కాసేపటికి వచ్చి ఆ గరిటెని వాసన చూసే పిల్లే మీ పిల్ల. మన ఇళ్ళలో రోజుకి ఇరవైసార్లు ఏదో ఒకటి కింద పడుతుంది మరి.

కుక్కపిల్ల ఇంటికొచ్చాక దానికి 16 వారాల వయసు దాకా 3, 4 వారాలకోసారి టీకాలు, 12 వారాలకి రేబీస్ టీకా. పురుగుల మందు 3 నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, 6 నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. ఇది కుక్క కోసమే కాదు. కుక్క ఏలికపాముల గుడ్లు మట్టిలోంచి పిల్లల గోళ్ళలోకి, గోళ్ళలోంచి నోట్లోకి వెళతాయి. పెద్ద డాక్టర్లు కావాలంటే బెంగళూరు హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ, చెన్నై వేపేరిలో మద్రాసు వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. తిండి విషయంలో పెరుగన్నం ఒక్కటీ చాలదు, మాంసకృత్తులు కావాలి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాంబారు, పాయసంలో కిస్మిస్, చాక్లెట్ కుక్కకి విషం. పిల్లలు జాలిపడి పెట్టేవి సరిగ్గా ఇవే.

కుక్క కరవబోయే ముందు చాలాసార్లు చెబుతుంది. ఆకలి లేకుండా పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకుండా ఆవలిస్తుంది, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఆ తర్వాత ఒక్క క్షణం కదలకుండా బిగుసుకుపోతుంది. అప్పుడు గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. కొడితే మానేది గుర్రుమనడం మాత్రమే, భయం అలాగే ఉంటుంది. మరోసారి చెప్పకుండానే కరుస్తుంది. పిల్లలకి నేర్పాల్సింది చిన్న ఆట: కూర్చుని, ఛాతీ పక్కన మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నిమిరి చెయ్యి తీసెయ్యాలి. కుక్క దగ్గరికొస్తే మళ్ళీ నిమరాలి, వెళ్ళిపోతే వదిలెయ్యాలి. నిలబడి ఎత్తుకోవడం పెద్దవాళ్ళ పని. 6 ఏళ్ళ లోపు పిల్లల్ని, కుక్కని పెద్దవాళ్ళు లేని గదిలో వదలొద్దు, ఎంత మంచి కుక్కైనా సరే. ఒకవేళ పన్ను దిగితే కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకాలు వేసిన మీ కుక్కే అయినా ఆరోజే డాక్టర్‌కి చూపించండి.

కార్పొరేషన్ లైసెన్సు తీసుకోండి. కుక్కని పెంచకూడదని, లిఫ్ట్ ఎక్కించకూడదని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిషేధించలేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ కాగితం దగ్గరుంచుకోండి. వేసవి సెలవులకి ఊరెళ్ళేటప్పుడు రైల్లో ఏసీ ఫస్ట్ క్లాస్ కూపే మొత్తం మీ పేరనే ఉంటే కుక్క మీతో వస్తుంది, లేదంటే గార్డు పెట్టెలో బోను. ఎండాకాలంలో పొట్టి ముక్కు కుక్కని ఆ బోనులో పెట్టొద్దు.

ఇద్దరూ ఆఫీసుకెళ్ళే ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి కుక్కతో ఉండేది అమ్మమ్మో నానమ్మో. తెచ్చే ముందు ఆవిణ్ణి అడగండి. కుక్కపిల్ల ఎన్ని నెలలదైతే దానికి ఒకటి కలిపి అన్ని గంటలే ఒంటేలు ఆపుకోగలదు. 2 నెలల పిల్లని మూడు గంటల లోపు బాల్కనీకి తీసుకెళ్ళాల్సింది ఆవిడే, మోకాళ్ళ నొప్పులతో. దేవుడి గదిలోకి, వంటింట్లోకి రాకూడదని ఆవిడంటే ఆ మాట న్యాయమైనదే. కుక్క వచ్చాక కాదు, రాకముందే వంటింటి గుమ్మానికి నడుమెత్తు గేటు బిగించండి, ఆవిడ ఒంటిచేత్తో తీయగలిగే గడియతో.