అనిమోన్‌కి కొత్త లైటు

పొద్దున లేస్తూనే, కాఫీ కూడా తాగకుండా చేపల ట్యాంకు దగ్గరికి వెళ్లాను. అనిమోన్, అదే పువ్వులా కనిపించే సముద్రపు జీవి, మళ్లీ పక్కకు జరిగింది. రాత్రి రాయి మధ్యలో ఉన్నది, అంచుదాకా పాకి అద్దం పట్టుకుని పైకి సాగుతోంది. వెలుతురు చాలకపోతే ఇది ఉన్నచోట ఉండదు, వెతుక్కుంటూ పోతుంది. ఇంకో జానెడు పోతే నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ రెక్కలే. భయమేసి ముందు ఆ వేవ్‌మేకర్‌కి స్పాంజి తొడిగాను.

రెండు నెలల క్రితం తెచ్చినప్పుడు గోధుమ రంగులో ఉండేది. టెంటకిల్స్, అంటే వేళ్లలాంటి మెత్తటి తీగల చివర్లు బుడగల్లా ఉబ్బి ఉండేవి, బబుల్ టిప్ అనే పేరు అందుకే. ఇప్పుడు పాలిపోయి తెల్లగా ఉంది. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు వెళ్లిపోయిందన్నమాట. ఆ నాచే వెలుతురుతో తిండి తయారుచేసి దీనికి పెడుతుంది. అంటే ఇన్నాళ్లూ నేను దాన్ని పస్తు పెట్టాను. ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటోంది.

మంచినీటి చేపలకు వాడిన తెల్ల ఎల్ఈడీనే దీనికీ పెట్టాను. కంటికి పట్టపగల్లా కనిపించేది, చాలనుకున్నాను. కానీ మన కన్ను ఎక్కువగా పట్టుకునేది ఆకుపచ్చ, పసుపు వెలుగునే. ఆ నాచుకు ముఖ్యంగా కావాల్సింది నీలం, 420 నుంచి 460 నానోమీటర్ల చుట్టూ ఉండేది. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందే ఆరిపోతుంది, నీలమే మిగులుతుంది మరి.

ఎంవీపీ కాలనీలో ఉండే ఒక అన్న దగ్గర పార్ మీటరు అడిగి తెచ్చాను, నాచుకు పనికొచ్చే వెలుతురు ఎంతుందో కొలిచేది. పాత లైటు కింద రాయి మీద 45 చూపించింది. దీనికి కనీసం 150 ఉండాలి.

మెటల్ హాలైడ్ బల్బు పెడదామంటే విశాఖ ఎండలకు నీళ్లు మరీ వేడెక్కుతాయి, నీళ్లను చల్లబరిచే చిల్లర్ కూడా కొనాలి. టీ5 ట్యూబులైట్లయితే ఏడాదికోసారి మార్చాలి. అందుకే నీలం, తెలుపు విడివిడిగా తగ్గించి పెంచుకునే ఎల్ఈడీ కొన్నాను.

"ఫ్రిజ్‌కని దాచిన డబ్బేనా అండీ?" అంది మా ఆవిడ. అవునన్నాను. ట్యాంకులోకి వంగి కాసేపు చూసి, "సరే, ముందు దీని సంగతి చూడండి" అంది.

పూర్తిగా పెడితే రాయి మీద 320 వస్తోంది. తెల్లబడ్డదానికి ఒక్కసారిగా అంత వెలుతురు పెడితే ఇంకా దెబ్బతింటుంది. 30 శాతంతో మొదలుపెట్టాను, 95 చూపించింది. వారానికి పది శాతం చొప్పున పెంచాలి. రోజుకు ఎనిమిది గంటలు చాలు.

సాయంత్రం కూరకని వలిచిన రొయ్యల్లోంచి గోరంత ముక్క కోసి, పటకారుతో అందించాను. ముందు ఒక్క టెంటకిల్ అంటుకుంది. తర్వాత పక్కవి నాలుగైదు మెల్లగా వంగాయి. క్లౌన్ చేప లాక్కోబోతే పటకారు అడ్డం పెట్టాను. ముక్క నోటి దగ్గరికి చేరడానికి పావుగంట పట్టింది, అంతసేపూ అక్కడే నిలబడ్డాను. తిన్నది. ఇన్ని రోజుల్లో ఇవాళే కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అది ఉన్నచోట అద్దం మీద బయటి నుంచి స్కెచ్ పెన్నుతో గీత గీశాను. రాత్రి పదింటికి లైటు ఆరాక టార్చి వేసి చూస్తే, దాని పాదం ఇంకా గీత మీదే ఉంది.