మోర్మన్ గ్రంథాన్ని నమ్మేవారూ సందేహించేవారూ చూసేది ఒకే ఆధారాలను

1830 మార్చిలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, పాల్మైరా అనే చిన్న ఊళ్లో మోర్మన్ గ్రంథం 5,000 ప్రతులతో అచ్చయింది. అచ్చు ఖర్చులకు కావలసిన 3,000 డాలర్ల కోసం మార్టిన్ హారిస్ అనే రైతు తన పొలాన్ని తాకట్టు పెట్టాడు. క్రీస్తు పూర్వం 600 ప్రాంతంలో యెరూషలేము విడిచి అమెరికా ఖండానికి చేరిన ఒక కుటుంబం కథ, వారి సంతతి యుద్ధాలు, పునరుత్థానుడైన క్రీస్తు వారికి దర్శనమివ్వడం ఆ గ్రంథంలోని ముఖ్య విషయాలు. మొరోనై అనే దేవదూత చూపించిన బంగారు రేకుల మీది రాతను దైవశక్తితో అనువదించానని మోర్మన్ చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పాడు. ఈ గ్రంథం చుట్టూ సాగిన వాదాలను చదువుతూ వచ్చినకొద్దీ నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: ఇరుపక్షాల చేతుల్లోనూ ఉన్నవి దాదాపు అవే ఆధారాలు, వాటిని ఏ ప్రశ్నతో సమీపిస్తున్నారన్న దగ్గరే దారులు చీలిపోతున్నాయి.

గ్రంథం చెప్పి రాయించిన తీరునే చూడండి. సుమారు 2,70,000 ఆంగ్ల పదాలున్న ఈ పాఠంలో అత్యధిక భాగాన్ని, పెద్దగా చదువుకోని 23 ఏళ్ల స్మిత్ 1829 ఏప్రిల్, జూన్ నెలల మధ్య చెబుతూ పోగా ఆలివర్ కౌడరీ రాసుకున్నాడు. స్మిత్ ఒక రాయిని టోపీలో వేసి, వెలుతురు చొరకుండా ముఖాన్ని అందులో ఆనించి చెప్పేవాడనీ, చూసి చదవడానికి అతని దగ్గర పుస్తకం గాని రాతప్రతి గాని లేదనీ భార్య ఎమ్మా 1879లో, తన చివరి రోజుల్లో చెప్పింది. విశ్వాసికి ఇది దైవసహాయానికి నిదర్శనం. సందేహవాదికి మాత్రం, స్మిత్ అంతకు ముందు భూమిలో నిధులు ఎక్కడున్నాయో చెబుతానంటూ ఇలాంటి రాళ్లనే వాడిన సంగతి గుర్తుకు వస్తుంది. ఎమ్మా మాటను ఇద్దరూ కాదనరు, దానికి ముందు ఏ సంగతిని చేర్చి చదవాలన్నదే పేచీ.

నమ్మకానికి అసలు మూలం తర్కంలో లేదని గ్రంథమే చెప్పుకుంటుంది. అందులోని చివరి భాగమైన మొరోనై పుస్తకం పదవ అధ్యాయంలో, చదివినవారు ఇది నిజమా కాదా అని యథార్థ హృదయంతో దేవుణ్ణి అడగాలనీ, పరిశుద్ధాత్మ వారికి సత్యాన్ని తెలియజేస్తుందనీ వాగ్దానం ఉంది. మోర్మన్ మిషనరీలు కొత్తవారికి చూపించే మొదటి వచనాల్లో ఇదొకటి. అలా ప్రార్థించి మనసులో శాంతిని పొందినవారికి ఆ అనుభవమే ప్రధాన సాక్ష్యం, తవ్వకాలూ శాసనాలూ ఆ తరువాతి మాట. ఇతర మతాల వారికీ తమ గ్రంథాల విషయంలో అలాంటి అనుభూతే కలుగుతోంది కదా అన్నది దీనికి ఎదురయ్యే గట్టి ప్రశ్న, దానికి సంతృప్తికరమైన జవాబు నాకు ఇంతవరకు కనబడలేదు. అయితే విశ్వాసులు ఆలోచన మానేసినవారని చెప్పడం అన్యాయం. గ్రంథంలో, యెరూషలేము విడిచిన ఆ కుటుంబం దారిలో నాహోమ్ అనే స్థలం ప్రస్తావన ఉంది, అవే హల్లులతో ఒక తెగ పేరును పేర్కొన్న ప్రాచీన బలిపీఠాలు యెమెన్‌లోని మారిబ్ దగ్గర దొరికాయి. ఆ సంగతిని వారిలోని పండితులు ఎంతో శ్రద్ధతో పరిశీలించారు.

సందేహాల జాబితా పొడుగైనదే. కొలంబస్ రాకకు ముందు అమెరికాలో లేవని పండితులు చెప్పే గుర్రాలు, ఉక్కు, గోధుమలు కథలో కనిపిస్తాయి. ఇంగ్లీషు బైబిల్‌లోని యెషయా అధ్యాయాలు చాలావరకు అవే మాటలతో వస్తాయి. అమెరికా ఆదిమవాసుల జన్యుమూలాలు ప్రధానంగా ఆసియావని తేలాక, వారికి గ్రంథంలోని జనులు ‘ప్రధాన పూర్వీకులు’ అని 1981 ముద్రణ పీఠికలో ఉన్న మాట ‘పూర్వీకులలో ఉన్నవారు’ అని మారింది. ఇవన్నీ బలమైనవే గాని, రేకులు నేడు ఎవరి దగ్గరా లేవు కాబట్టి అనువాదాన్ని మూలంతో పోల్చి చూసే వీలు మాత్రం లేదు.

స్మిత్ అనువదించానన్న మరో గ్రంథమైన అబ్రహాము గ్రంథం విషయంలో ఆ వీలు కొంత దొరికింది, అందుకే నా దృష్టిలో అది అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. 1835లో ఒహైయోలోని కర్ట్‌లాండ్‌కు వచ్చిన ఒక ప్రదర్శకుడి దగ్గర స్మిత్ అనుచరులు 2,400 డాలర్లకు నాలుగు ఈజిప్టు మమ్మీలనూ, వాటితో ఉన్న పపైరస్ అనే ప్రాచీన కాగితపు చుట్టలనూ కొన్నారు. వాటిలో అబ్రహాము రచన ఉందని చెప్పిన స్మిత్, తన అనువాదాన్ని 1842లో ప్రచురించాడు. ఆ చుట్టలు కాలిపోయాయనే చాలాకాలం అందరూ అనుకున్నారు. కొన్ని ముక్కలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి, 1967లో చర్చి చేతికి వచ్చాయి. ముక్కలను అతికించిన కాగితం వెనుక కర్ట్‌లాండ్ ప్రాంతపు పటాలూ, ఒక ఆలయపు నమూనా గీతలూ ఉండడంతో అవి స్మిత్ దగ్గరివేనన్న విషయంలో అనుమానానికి తావు లేకపోయింది. అబ్రహామును బలి ఇవ్వబోతున్న దృశ్యమని గ్రంథంలో అచ్చయిన బొమ్మకు మూలం వాటిలోనే ఉంది. నిలబడ్డ వ్యక్తి తల ఉండవలసిన చోట పపైరస్ చిరిగిపోయి ఉంది. అచ్చు బొమ్మలో అక్కడ మనిషి తల, చేతిలో కత్తి కనిపిస్తాయి. ఈజిప్టు శాస్త్రజ్ఞులు మాత్రం ఆ స్థానంలో నక్క తల గల అనూబిస్ దేవుడు ఉండాలనీ, అది హోర్ అనే పూజారి అంత్యక్రియల కోసం రాసిన పత్రమనీ తేల్చారు. ముక్కల మీది అక్షరాలు అబ్రహాము గ్రంథ పాఠంతో సరిపోవని చర్చి కూడా 2014లో ప్రచురించిన వ్యాసంలో అంగీకరించింది. అసలు భాగం పోయిన చుట్టలో ఉండి ఉండవచ్చుననీ, లేదా పపైరస్ కేవలం దైవప్రేరణకు నిమిత్తమై ఉండవచ్చుననీ ఆ వ్యాసం రెండు దారులు చూపింది. రెండవ దారి విశ్వాసాన్ని కాపాడుతుంది గాని, పపైరస్ మీద ఏముందో తనకు తెలుసునన్న స్మిత్ మాటను వదులుకోమంటుంది.

రేకులను కళ్లారా చూశామన్న ముగ్గురు సాక్షుల వాంగ్మూలం ప్రతి ప్రతిలోనూ ఉంటుంది. కౌడరీ, డేవిడ్ విట్మర్, హారిస్ ముగ్గురూ ఒక దశలో స్మిత్‌తో విభేదించి చర్చికి దూరమయ్యారు. అయినా తమ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోలేదు, విట్మర్ 1888లో చనిపోయే వరకు అదే మాట మీద ఉన్నాడు. విశ్వాసుల వాదనల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచేది ఇదే. కాని స్మిత్ మరణానంతరం వారసత్వం తనదేనన్న జేమ్స్ స్ట్రాంగ్ కూడా 1845లో విస్కాన్సిన్‌లో రేకులు తవ్వి తీయించి, సాక్షుల చేత సంతకాలు చేయించాడు. హారిస్ కొంతకాలం ఆయన పక్షాన ఇంగ్లండు వెళ్లి ప్రచారం కూడా చేశాడు.

ఇన్ని తెలిసినా చాలామంది విశ్వాసంలోనే ఉంటారు. విడిచిపోయినవారి కథనాల్లో నాకు తరచుగా కనిపించినది గుర్రాల గొడవ కాదు, ‘ఈ సంగతి మాకు ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న నొప్పి. చర్చి చిత్రాల్లో స్మిత్ రేకుల ముందు కూర్చుని చదువుతున్నట్టే దశాబ్దాల పాటు చూసినవారికి, టోపీలోని రాయి కథ పెద్దయ్యాక మరెక్కడో తెలిస్తే, రాయి మీద కన్నా చెప్పనివారి మీదే నమ్మకం పోతుంది. 2015లో చర్చి ఆ రాయి ఫొటోలను స్వయంగా ప్రచురించింది. చిన్నప్పుడే ఇవన్నీ విని పెరిగే పిల్లలకు అదే రాయి అంతగా ఇబ్బంది కలిగించకపోవచ్చునని నా అంచనా.

చర్చి ఉన్నత నాయకుల్లో ఒకడైన బి.హెచ్. రాబర్ట్స్ 1922లో మోర్మన్ గ్రంథంలోని చిక్కులన్నిటినీ, విమర్శకులు సిగ్గుపడేంత నిక్కచ్చిగా రాసి సహచరుల ముందు పెట్టాడు. 1933లో మరణించే వరకు ఆ గ్రంథాన్ని బహిరంగంగా సమర్థిస్తూనే వచ్చాడు. ఆ రాతలు 1985లో అచ్చయినప్పటి నుంచి ఇరుపక్షాలూ ఆయన్ను తమవాడనే అంటున్నాయి.