డిస్క్ గోల్ఫ్ డిస్కును ఎంతవరకు రుద్దొచ్చు?

డిస్క్ గోల్ఫ్ అంటే ప్లాస్టిక్ డిస్కును విసురుతూ, వీలైనన్ని తక్కువ త్రోల్లో గొలుసుల బుట్టలో వేసే ఆట. తిరుపతి చుట్టుపక్కల ఖాళీ జాగాల్లో ఆడితే డిస్కు తరచుగా గుండ్లకో గులకరాళ్ళకో తగులుతుంది. చవక రకం బేస్ ప్లాస్టిక్ డ్రైవరైతే (దూరం విసిరే డిస్కు) ఒక్క దెబ్బకే అంచు దగ్గర చిన్న పొర లేచి, పట్టుకున్నప్పుడు వేలికి గుచ్చుకుంటుంది. దాన్ని సరిచేసుకోవడంలో తప్పు లేదు. ఎక్కడ ఆపాలన్నదే చాలామందికి తెలియదు.

ఈ ఆటకు నిబంధనలు పెట్టే సంఘం పీడీజీఏ; దాని నిబంధన 813.01 ప్రకారం, తయారయ్యాక డిస్కు ఎగిరే తీరు మారేలా ఏం చేసినా అది చెల్లదు. ఆటలో వచ్చే అరుగుదలకు, అచ్చు లోపాలనూ గీతలనూ నునుపు చేసేంత మోస్తరు రుద్దుడుకు మాత్రం మినహాయింపు ఉంది. అతిగా రుద్దినా, తెలిసేంత మందంగా రంగు పూసినా చెల్లదు. పగులో చిల్లో పడితే ఇక మాటే లేదు. అందుకే చీలికను ఫెవిక్విక్‌తో అతికించడం, సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి మూయడం దండగ పని. ఆ డిస్కును ప్రాక్టీసుకు పక్కన పెట్టుకోండి. చెల్లని డిస్కు విసిరితే హెచ్చరిక కూడా లేకుండా రెండు పెనాల్టీ త్రోలు మీ స్కోరుకు కలుస్తాయి.

లేచిన పొరను లాగకండి, లాగితే చీలిక ఇంకా లోపలికి పోతుంది. నెయిల్ కట్టర్‌తో మొదలంటా కత్తిరించండి. పొర చిన్నదైతే స్టీలు చెంచా వెనకవైపుతో గట్టిగా ఒత్తి రుద్దినా అణిగిపోతుంది, ప్లాస్టిక్ కూడా పోదు. అప్పటికీ గరుకుగా ఉంటే పెయింట్ అంగట్లో దొరికే వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) 400 నంబరుది తెచ్చి, తడిపి, దెబ్బ తగిలిన చోట మాత్రమే అంచు వెంబడి తేలిగ్గా రుద్దండి. చివర 600తో నాలుగు సార్లు తిప్పితే చాలు. డ్రిల్లుకు ఉప్పుకాగితం బిగించి రుద్దితే వేడికి ప్లాస్టిక్ కరిగి పీచు లేస్తుంది, ముందుకన్నా అధ్వాన్నం.

అంచు చుట్టూ ఒకే తీరుగా రుద్దాలనిపిస్తే ఆగాల్సింది అక్కడే. గాలిని కోసుకుంటూ పోయేది అంచు ముక్కే. అది కొంచెం అరిగినా, దాని ఎత్తు కొంచెం తగ్గినా డిస్కు నిలకడ తగ్గి, కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో (చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరితే) కుడివైపుకు తిరగడం మొదలుపెడుతుంది. అరగడం వల్ల అలా మారితే చెల్లుతుంది, కావాలని అరగదీస్తే చెల్లదు. పదును పెట్టడం అసలే కుదరదు: అంచు ముక్కు వంపు వ్యాసార్ధం 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. లోపల టేపో జిగురో పెట్టి బరువు పెంచడం కూడా అంతే. వ్యాసంలో సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు, ఎంత పెద్ద డిస్కైనా 200 గ్రాములు దాటకూడదు.

మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన డిస్కులు వంకరపోతాయి. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో, మరిగే నీళ్ళు వద్దు, ఒకటి రెండు నిమిషాలు ముంచి, బల్లపరుపు గ్రానైటు మీద బోర్లించి, చేత్తో సరిచేసి, చన్నీళ్ళు పోయండి. ఒకవైపే ఎక్కువ ఒత్తితే ఇంకో వంకర వస్తుంది. పాత ఆకారానికి తేవడం వరకే ఇది. డిస్కు పైన ఉండే గుమ్మటం పెంచడానికో చదును చేయడానికో అయితే మార్పు కిందికే వస్తుందని మా లెక్క. ఎవరైనా సందేహపడితే వాదన పెట్టుకోకుండా టోర్నమెంట్ డైరెక్టర్‌కు చూపించండి.

రౌండు మధ్యలో కూర్చొని రుద్దకండి. మీ వంతు వచ్చాక విసరడానికి ఉన్నది 30 సెకన్లే. వేరొకరి దగ్గర అడిగి తీసుకున్న డిస్కును, అది ఎంత గరుకుగా ఉన్నా, వాళ్ళను అడక్కుండా రుద్దకండి. అమ్మేటప్పుడు ఎక్కడ రుద్దారో, ఏది వేడి నీళ్ళలో వేశారో చెప్పండి, పాత పేరు తుడిచెయ్యండి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనిచేస్తుంది, కానీ ముందు లోపలివైపు ఒక చుక్క వేసి చూడండి. బేస్ ప్లాస్టిక్ కొన్నిసార్లు జిగటెక్కుతుంది. కొన్నవాళ్ళు మొదటి త్రోకు ముందే పర్మనెంట్ మార్కర్‌తో తమ గుర్తు వేసుకోవాలి. గుర్తు లేని డిస్కుకు మొదటిసారి హెచ్చరిక, ఆ తర్వాత ప్రతి త్రోకూ ఒక పెనాల్టీ.