ఉబ్బెత్తు గీతా, లోతు గీతా? ఒక ప్రూఫ్ నాణెంతో మూడు ఆదివారాలు

ఎన్.టి. రామారావు శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన వంద రూపాయల నాణెం ప్రూఫ్ ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. మన హైదరాబాదు మింట్‌లోనే ముద్రించిన నాణెం అది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలిన పది శాతంలో నికెలూ జింకూ చెరిసగం. తెచ్చుకున్న రోజు రాత్రి బల్లదీపం కింద పెట్టి చూస్తుంటే, ముఖానికి కుడి పక్కన అద్దంలా మెరిసే ఖాళీ జాగాలో తలవెంట్రుక కన్నా సన్నని గీత ఒకటి కంటబడింది. నాణేన్ని కాస్త వంచితే మాయమైపోతుంది, మరికాస్త వంచితే మళ్లీ తేలుతుంది. ఆ గీత మింట్‌లో పుట్టిందా, మింట్ గడప దాటాక పడిందా అన్నది తేల్చుకోవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. ప్రూఫ్ నాణేల ఫొటోలు తీయడంలోనూ వాటికి గ్రేడు కట్టడంలోనూ ఉన్న కష్టమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉందని నాకు అనిపిస్తుంది కాబట్టి, ఆ పని ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ప్రూఫ్ అంటే బాగా మెరిసే నాణెం, అసలు వాడని నాణెం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పేరు తయారీ పద్ధతికి సంబంధించినది. చలామణీ నాణేలను యంత్రం నిమిషానికి వందల లెక్కన కొట్టి తొట్టిలో పడేస్తుంది. ప్రూఫ్‌కైతే అచ్చునూ, లోహపు బిళ్లనూ ముందే మెరుగుపెట్టి, ఒక్కొక్క బిళ్లనూ విడిగా అమర్చి, ఎక్కువ ఒత్తిడితో రెండుసార్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువసార్లు కొడతారు. అచ్చులో బొమ్మ ఉన్న గుంటలను గరుకుగా ఉంచి, చుట్టూ ఉన్న చదునును అద్దంలా తోముతారు కనుక, నాణెం మీద బొమ్మ మీగడలా తెల్లగా, నేపథ్యం నిలకడ నీటిలా లోతుగా కనిపిస్తాయి. ఈ తేడానే సేకర్తలు కేమియో అంటారు. జేబులో తిరిగి అరిగిపోయినా ప్రూఫ్ ప్రూఫే. ఎంత తోమినా మామూలు నాణెం ప్రూఫ్ కాదు. 1969లో వచ్చిన గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణేన్ని ఎవరైనా బాగా తోమించి ప్రూఫ్ అని అమ్మజూపితే, ముందుగా ముద్రాలయ చిహ్నం చూడాలి. బొంబాయిలో కొట్టిన ప్రూఫ్ మీద ఆంగ్ల అక్షరం బి ఉంటుంది. అక్కడే చలామణీ కోసం కొట్టినదాని మీద చిన్న వజ్రం గుర్తు ఉంటుంది.

ఆ గాంధీ నాణెం పేరు ఎత్తగానే నాకు మనసు చివుక్కుమంటుంది. పదిహేను గ్రాముల బరువు, అందులో 80 శాతం వెండి, అక్షరం బి స్పష్టంగా ఉన్న ప్రూఫ్ నాణెం. దాని మీద గోధుమరంగు మరక కనిపిస్తే, ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్క కదా, ఏమవుతుందిలే అనుకుని రెండుసార్లు తుడిచాను. మరక పోలేదు. దీపం కింద పెడితే గాంధీగారి ముఖం మీదుగా, వెనకనున్న అద్దం మీదుగా ఒకే వాలులో వందలాది సన్నగీతలు. బట్ట మెత్తనిదే, దాని మీద ఉన్న ధూళి మాత్రం వెండికన్నా గట్టిది. ఆ నాణేన్ని ఈ విద్యలో నాకు గురువైన, విశాఖలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కోప్పడలేదు. లూప్ అనే చిన్న భూతద్దం నా చేతిలో పెట్టి, "బాబూ, గీతలు ఉన్నాయని నాకు చెప్పకు. ఉబ్బెత్తా, లోతా? అది చెప్పు ముందు" అన్నారు. నేను చెప్పలేకపోయాను. "అది తెలియనంతకాలం నువ్వు నాణేన్ని చూసినట్టు కాదయ్యా" అన్నారు.

మాస్టారు చెప్పిన లెక్క ఇది. అచ్చును తోమేటప్పుడు రాపిడి పొడి దాని మీద సన్నని గాళ్లు చేస్తుంది. అచ్చు మీద గాడి పడితే నాణెం మీద అది ఉబ్బెత్తు గీతగా వస్తుంది. కాబట్టి ఉబ్బెత్తుగా ఉన్నది మింట్‌లో పుట్టినది. తుడవడం వల్లనో రాపిడి వల్లనో పడిన గీత లోహంలోకి దిగుతుంది, అది తరువాతి గాయం. అచ్చు మీద చదును పైన ఉంటుంది, బొమ్మ లోపల ఉంటుంది. తోమేది చదునునే కాబట్టి ఆ గీతలు నాణెం మీద కూడా అక్షరాల దగ్గరికి, ముఖం అంచు దగ్గరికి వచ్చి ఠక్కున ఆగిపోతాయి. తుడిచిన గీతకు ఆ మర్యాద ఉండదు, అది ముఖం మీదుగా కూడా నడిచిపోతుంది. తుప్పు పట్టిన పాత అచ్చులతో మళ్లీ కొట్టిన నాణేలను పట్టుకోవడానికి కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. తుప్పు అచ్చును తిని గుంటలు చేస్తే, నాణెం మీద చెమటకాయల్లాంటి చిన్న బొడిపెలు వస్తాయి.

ఇంత సన్నని గీతలో ఉబ్బెత్తునూ లోతునూ కంటితో పోల్చుకోవడం కష్టం. ఫొటో ఉపయోగపడేది అక్కడే. చంద్రుడి మీది గుంటలు ఒక్కొక్కసారి బొడిపెల్లా కనిపిస్తాయని మీరు గమనించి ఉంటారు. వెలుగు ఏ వైపునుంచి వస్తున్నదో తెలియనప్పుడు కన్ను అలా మోసపోతుంది. వెలుగు ఎడమనుంచి వస్తున్నదని ఖాయంగా తెలిస్తే, ఉబ్బెత్తు గీతకు ఎడమ చెంప మెరిసి కుడి చెంప నల్లబడుతుంది. లోతు గీతకు ఎడమ ఒడ్డు నల్లగా ఉండి కుడి ఒడ్డు మెరుస్తుంది. కాబట్టి మొదటి ఆదివారం నేను చేసిన పనల్లా దీపాన్ని ఒక్కచోటనే ఉంచి, నాణేన్ని గడియారపు ముల్లులా ముప్పై డిగ్రీల చొప్పున తిప్పుతూ పన్నెండు ఫొటోలు తీయడమే.

పన్నెండూ పాడయ్యాయి. అద్దానికి ఫొటో తీస్తున్నామన్న సంగతి మరిచిపోతే ఇలాగే అవుతుంది. నా కెమెరా, నా చెయ్యి, గోడమీది కేలండరు, అన్నీ నాణెంలో కనిపించాయి. ప్లాస్టిక్ డబ్బీలోంచి తీయడం వల్ల డబ్బీ మీది మెరుపు వేరే. రెండో ఆదివారం నాణేన్ని డబ్బీలోంచి బయటికి తీయక తప్పలేదు. ఆ పని చేసేవారు రెండు జాగ్రత్తలు పాటించాలి. కింద మెత్తటి తువ్వాలు పరిచి, అంచును మాత్రమే రెండు వేళ్లతో పట్టుకోవాలి. నాణెం మీదికి వంగి మాట్లాడకూడదు. కంటికి కనిపించని తుంపర ఒక్కటి పడినా కొన్ని నెలల తరువాత నల్లచుక్కై తేలుతుంది, దాన్ని తీసే మార్గం లేదు. మన నాణెంలో 40 శాతం రాగి ఉంది కనుక ఈ భయం ఇంకా ఎక్కువ.

కెమెరాను స్టాండుకు బిగించి, కటకం సరిగ్గా నాణేనికి నిలువుగా ఉండేట్టు చూసుకుని, వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో, ఐ.ఎస్.ఓ. వంద దగ్గర, రెండు సెకన్ల టైమరు పెట్టి తీశాను. వేలితో నొక్కితే కలిగే చిన్న కుదుపుకే ఇలాంటి గీత అలుక్కుపోతుంది. ప్రూఫ్‌కు వెలుగు పెట్టే పద్ధతులు ప్రధానంగా రెండు. దీపాలను పక్కలనుంచి వాలుగా పెడితే, అద్దంలో నల్లటి లెన్సే ప్రతిబింబించి నేపథ్యం నల్లబడుతుంది, బొమ్మ తెల్లగా వెలుగుతుంది. కేటలాగుల్లో, అమ్మకపు ప్రకటనల్లో మనం చూసే అందమైన ఫొటోలన్నీ దాదాపు ఇలాంటివే, అవి గీతలను బాగా దాచిపెడతాయి కూడా. రెండో పద్ధతిలో, నాణేనికీ లెన్సుకూ మధ్య పల్చని గాజుపలకను 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, పక్కనుంచి వచ్చే వెలుగు ఆ గాజు మీద పడి నాణెం మీదికి నిలువుగా దిగేట్టు చేస్తారు. అప్పుడు నేపథ్యం తెల్లగా, బొమ్మ నల్లగా తలకిందులవుతుంది, అద్దం మీద ఉన్న ప్రతి మచ్చా ప్రతి గీతా దాచుకోవడానికి చోటు లేక బయటపడుతుంది. నేను ఫొటో ఫ్రేముల దుకాణంలో కోయించుకున్న గాజుముక్క వాడాను. నాణెం కొనేముందు అమ్మేవారిని ఈ రెండు రకాల ఫొటోలూ అడగడం కొనేవారి హక్కు అని నా గట్టి అభిప్రాయం.

గాజు కింద తీసిన ఫొటోలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిసింది. ముఖం అంచుకు తగిలి అక్కడే ఆగింది, ముఖం మీదికి ఎక్కలేదు. మూడో ఆదివారం ఒకే దీపాన్ని ఎడమనుంచి బాగా కిందికి దించి తీసిన ఫొటోలో ఎడమ చెంప మెరిసింది. ఉబ్బెత్తు. అచ్చు మీది తోముడు గీత. ఆ సాయంత్రం మాస్టారికి ఫొటో పంపిస్తే, "ఇప్పుడు చూశావు" అని ఒక్కమాట రాశారు.

గ్రేడింగులో ఈ తేడా ఎంత బరువైనదో చెబుతాను. విలియం షెల్డన్ అనే అమెరికన్ సేకర్త 1949లో పాత రాగి సెంట్ల కోసం తయారుచేసుకున్న 1 నుంచి 70 వరకు ఉండే కొలతనే ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ గ్రేడింగు సంస్థలు మొదలై, గ్రేడు కట్టిన నాణేన్ని ముద్రవేసిన ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇవ్వడంతో ఆ కొలత స్థిరపడింది. గాయపడని ప్రూఫ్‌కు 60 నుంచి 70 లోపు అంకె వస్తుంది. ఎన్‌జీసీ నిర్వచనంలో 70 అంటే, అయిదురెట్ల పెద్దదిగా చూసినా ముద్రణ తరువాత ఏర్పడిన లోపమేదీ లేని నాణెం. ముద్రణ తరువాత అన్న మాటను గమనించండి. నా గాంధీ నాణెం మీది గీతలు దాన్ని ఆ మెట్లన్నీ దించేస్తాయి, రామారావు నాణెం మీది గీత ఆ లెక్కలోకే రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో 1950లనాటి ఫ్రాంక్లిన్ అర డాలరు ప్రూఫ్‌లు పోగుచేసేవారికి ఇంకో చిక్కు కూడా ఉంటుంది. ఆ రోజుల్లో అచ్చు మీది గరుకుదనం తొలి కొద్ది ముద్రలకే అరిగిపోయేది కాబట్టి, అదే ఏడాది అదే అచ్చునుంచి వచ్చిన రెండు నాణేలలో ఒకదానికి కేమియో ఉంటుంది, రెండోదానికి ఉండదు.

మాస్టారి లెక్కకు ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మెరుగుపెట్టిన అచ్చును బట్టతో తుడిచినప్పుడు ఒక నూలుపోగు అంటుకుని ఉండిపోతే, దాని మీదనే కొట్టిన నాణెంలో ఆ పోగు ఆకారం లోతుగా దిగుతుంది. లోతుగా ఉన్నా అది మింట్‌లో పుట్టినదే. గాయపు గీత నిటారుగా, పదునుగా ఉంటే, పోగు ముద్ర మెలికలు తిరిగి, గుండ్రటి ఒడ్డులతో, దారం పడేసినట్టే ఉంటుంది.

ఇక మిగిలింది అచ్చు సంగతి. ఉబ్బెత్తు గీత అచ్చుది కనుక, ఆ అచ్చునుంచి ఆ దశలో వచ్చిన నాణేలన్నిటిలోనూ అది అదే చోట ఉండాలి. విజయవాడలో ఉన్న మిత్రుడి నాణెం తెప్పించుకుని ఇదే గాజు కింద పెట్టాను. దాని మీద ఆ గీత లేదు. అది వేరే అచ్చుదా, లేక గీత పడకముందో అరిగిపోయిన తరువాతో కొట్టినదా అన్నది రెండు నాణేలతో తేలే విషయం కాదు. మీ దగ్గర రామారావుగారి ప్రూఫ్ నాణెం ఉంటే, డబ్బీలోంచి తీయకుండానే, ఒకే దీపాన్ని ఎడమనుంచి వాల్చి, ముఖానికి కుడిపక్క ఖాళీని నెమ్మదిగా తిప్పి చూడండి. గీత కనిపించినా, కనిపించకపోయినా నాకు రాయండి.