చివరి సీటులో శ్రీశైలం

శ్రావణమాసంలో ఒక శనివారం, తెల్లవారి ఐదు గంటలు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో శ్రీశైలం ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి చివరి వరుసలో తప్ప జాగా లేదు. నేనూ, మా ఆవిడా, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ అక్కడే సర్దుకున్నాం. పంతొమ్మిదేళ్లుగా బస్సు నడుపుతున్నాను. ఈ రూట్లోనూ మూడేళ్లు చేశాను. చివరి సీటులో కూర్చుని ఇంత దూరం పోవడం మాత్రం ఇదే మొదటిసారి.

ఐదు దాటి పది నిమిషాలైంది. ఇంజను నడుస్తోంది, బస్సు కదలడం లేదు. నా పక్కనున్న పెద్దమనిషి గొణగడం మొదలుపెట్టాడు. "స్టార్ట్ చేసి ఊకె కూసున్నడు. డీజిల్ దండగ, మన టైం దండగ." డ్రైవర్ ఊరికే కూర్చోలేదని నాకు తెలుసు. రాత్రంతా నిలబడ్డ బండికి ట్యాంకుల్లో గాలి దిగిపోతుంది. మీటరు ముల్లు పైకి వచ్చేదాకా ఆగాలి, ఎందుకంటే ఈ బండ్లలో బ్రేకు పనిచేసేది గాలితోనే. అంతకుముందే అతను దిగి టైర్లు ఒక్కొక్కటీ తట్టి చూడటం కిటికీలోంచి గమనించాను. ఇదంతా పక్కాయనకు చెప్పాను. "అట్లనా" అన్నాడు గానీ మళ్లీ గడియారం చూసుకున్నాడు. ఆయన్నీ తప్పు పట్టలేను. ప్లాట్‌ఫారం మీద బోర్డు ఐదు గంటలనే చెబుతుంది, గాలి సంగతి చెప్పదు.

తుక్కుగూడ దాటాక స్పీడ్ బ్రేకర్ల మీద మొదటి దెబ్బ తగిలింది. మా అమ్మాయి సీటు మీంచి జానెడు లేచి పడింది. "నాన్నా, నువ్వూ ఇట్లనే నడుపుతవా?" అని అడిగింది. వెనక చక్రాలు దాటిన తర్వాత బస్సు బాడీ దాదాపు పదడుగులు బయటికి వేలాడుతూ ఉంటుంది. ముందు సీటులో నాకు చిన్న కుదుపుగా తెలిసేది, అక్కడ కూర్చున్నవాళ్లను ఎత్తి కుదేస్తుంది. ఇన్నేళ్లూ వెనక నుంచి "డ్రైవరన్నా, జర మెల్లగ!" అని అరుపు వినబడితే, ఇంత మెల్లగా పోతుంటే ఇంకా ఏం మెల్లగ అనుకునేవాణ్ని. ఆ అరిచినవాళ్ల నడుములు ఎంత నొచ్చాయో నాకు ఆ పొద్దున తెలిసింది. అమ్మాయికి జవాబు చెప్పలేక, చేయి అడ్డం పెట్టి పట్టుకుని కూర్చున్నాను.

కడ్తాల్, ఆమనగల్లు దాటేసరికి బస్సు కిక్కిరిసింది. సెలవులు, శ్రావణం, పైగా 2023 డిసెంబరు 9 నుంచి మా రాష్ట్రంలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఎన్నడూ ఊరు దాటని ఆడవాళ్లు గుడికీ పుట్టింటికీ ఆసుపత్రికీ పోతున్నారు. అది నాకు సంతోషమే. మా ఆవిడ కూడా రాష్ట్ర సరిహద్దు దాకా అట్లాగే వచ్చింది. కానీ యాభై పైచిలుకు సీట్ల బండిలో అంతకు సగం మంది నిలబడితే, ఫుట్‌బోర్డు మీద నలుగురు వేలాడుతుంటే, తర్వాతి స్టాపులో చేయెత్తినవాళ్లను ఎక్కించుకోవాలా వద్దా అన్నది రెండు సెకన్లలో తేల్చాల్సింది డ్రైవరే.

వెల్దండ దగ్గర అదే జరిగింది. రోడ్డు పక్కన ఒక ముసలాయన, తెల్ల తలపాగా, చంకలో మూట. చేయెత్తాడు. బస్సు కొంచెం నెమ్మదించి, ఆగకుండానే పోయింది. నేను వెనక అద్దంలోంచి చూశాను. ఆయన ఎత్తిన చేయి దించలేదు. పది అడుగులు మా వెంట నడిచాడు, ఆ తర్వాత నిలబడిపోయాడు. దుమ్ములో మనిషి చిన్నగా అయిపోతూ కనబడ్డాడు.

ఇన్నేళ్లలో నేనెంతమందిని అట్లా వదిలేసి పోయానో లెక్క లేదు. వాళ్ల ముఖాలు నేనెప్పుడూ చూడలేదు. డ్రైవర్‌కు ఎదుటి రోడ్డు ఉంటుంది, పక్కన అద్దం ఉంటుంది. ఆ అద్దంలో మనిషి ఒక్క క్షణం కనబడి జారిపోతాడు. ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి నా మీద కంప్లయింట్ రాసింది. పరీక్ష రోజు, చేయెత్తినా బస్సు ఆపలేదని. నన్ను పిలిచి వివరణ అడిగారు. "బస్సు నిండి ఉంది, ఫుట్‌బోర్డు మీద జనం ఉన్నారు" అని రాసిచ్చాను. రాసింది నిజమే. ఆ అమ్మాయి రాసిందీ నిజమే. ఆ పరీక్ష ఆమెకు అందిందో లేదో నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

డిండిలో చాయ్ కోసం ఆపారు. ఇరవై నిమిషాలు. ఇక్కడా ఫిర్యాదులే: ఇంతసేపెందుకు, ఈ హోటలే ఎందుకు, ఇడ్లీ ధర ఇంతా అని. ధర సంగతి నిజమే, నా చేతిలో ప్లేటు చూసి నాకూ బాధేసింది. ఆగడం సంగతి మాత్రం వేరు. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. ఘాట్ ఎక్కబోయే ముందు డ్రైవర్ కళ్లు కడుక్కుని రెండు ముద్దలు తింటే, ఆ మేలు బస్సులో ఉన్న అందరిదీ. అతను హోటల్ వెనక నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. బండి ఆపి మాట్లాడుతున్నందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఫోన్ విషయంలో ప్రయాణికుల ఫిర్యాదుకు ఎదురు చెప్పే హక్కు మాకు లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బస్సు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఫోన్ వంక మూడు సెకన్లు చూస్తే యాభై మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఇంటి నుంచి ఫోన్ వస్తే మనసు గుంజుతుంది, నిజమే. అయినా సరే, స్టీరింగ్ మీద ఉండగా ఫోన్ ఎత్తే డ్రైవర్‌ను వీడియో తీసి పంపినా నేను ప్రయాణికుడి పక్షమే. నోటి దురుసు కూడా అంతే. చిల్లర లేదని, దిగడం ఆలస్యమైందని ముసలివాళ్లను కసురుకునే వాళ్లు మాలో ఉన్నారు. పన్నెండు గంటల అలసట దానికి కారణం కావచ్చు, కానీ కసురు పడ్డ మనిషికి ఆ అలసటతో ఏం పని?

హాజీపూర్ దాటి మన్ననూర్ చెక్‌పోస్టు చేరాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ గేటు మూసేస్తారు, లోపలంతా అమ్రాబాద్ పులుల అడవి. సాయంత్రం శ్రీశైలంలో బయలుదేరే డ్రైవర్ తలకాయలో ఈ తొమ్మిది గంటలు గంటలా మోగుతూనే ఉంటాయి. "తిరుగు బస్సులో అంత తొందర పెడతారెందుకు?" అని నన్ను చాలామంది అడిగారు, కారణం ఈ గేటే.

వానలకు నల్లమల పచ్చగా తడిసి ఉంది. రోడ్డు మీద కోతులు గుంపులు. ఫర్హాబాద్, వటవర్లపల్లి దాటి దోమలపెంట వచ్చాక దిగుడు మొదలైంది. డ్రైవర్ రెండో గేరులో పెట్టి నడక లాగా దింపుతున్నాడు. ఇంజను గట్టిగా మూలుగుతోంది. "ఎడ్లబండి నయం!" అని ముందు నిలబడ్డ కుర్రాళ్లు కేకలు వేశారు. నాకు నేర్పిన గురువు ఒకే మాట చెప్పేవాడు, ఎక్కిన గేరులోనే దిగాలని. దిగుడులో బ్రేకు తొక్కుతూ పోతే డ్రమ్ములు కాగిపోయి, అవసరమైన చోట బ్రేకు పట్టదు. పెద్ద గేరులో సాఫీగా జారిపోతే ప్రయాణికులకు హాయిగానే ఉంటుంది, డ్రైవర్‌కు మాత్రం కాలి కింద బ్రేకు ఎంత మిగిలిందో తెలియదు. ఆ మూలుగు వింటుంటే నాకు ధైర్యంగా ఉంది. మా ఆవిడ మాత్రం "ఏమైతుంది దీనికి?" అని నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఒక మలుపు తిరగగానే డ్యాం కనబడింది. పన్నెండు గేట్లలో కొన్ని ఎత్తారు. కృష్ణమ్మ తెల్లగా దూకుతోంది, తుంపర రోడ్డు దాకా వస్తోంది. బస్సంతా ఒక్కసారి లేచి నిలబడింది. "ఆపన్నా! రెండు నిమిషాలు! ఒక్క ఫోటో!" అతను ఆపలేదు. రోడ్డుకు రెండు పక్కలా కార్లు నిలిపి ఉన్నాయి, మధ్యలో మా బండి పట్టే సందే ఉంది. అక్కడ ఆపితే వెనక ఘాట్ పొడుగునా బండ్లు నిలిచిపోతాయి. ఒకాయన తిట్టాడు. అమ్మాయి కిటికీకి ముఖం ఆనించి, వంతెన దాటేదాకా చూస్తూనే ఉంది. నాకైతే ఆపితే బాగుండుననే అనిపించింది. ఆపకపోవడమే సరి అని కూడా తెలుసు.

లింగాలగట్టు, సున్నిపెంట దాటి శ్రీశైలం బస్టాండులో దిగేసరికి పదకొండు కావొస్తోంది. అందరూ దిగి వెళ్లాక డ్రైవర్ దగ్గరికి వెళ్లి నేనూ డ్రైవర్‌నేనని చెప్పాను. నవ్వి నీళ్ల సీసా అందించాడు. వెల్దండ దగ్గర ముసలాయన్ను చూశావా తమ్మీ అని అడిగాను.

"సూసిన అన్నా. జాగ లేకుండె. డిండి కాడ ఆగినప్పుడు వెనక బండికి ఫోన్ చేసి చెప్పిన, తెల్ల రుమాలాయన ఉంటడు, ఎక్కించుకో అని. ఎక్కిండో లేదో."

మా ఆవిడ దర్శనానికి తొందర పెడుతోంది. అయినా ఇంకో అరగంట అక్కడే ఉన్నాం. వెనక బస్సు వచ్చింది. మూట చంకన పెట్టుకుని ఆయన మెల్లగా దిగాడు. దిగుతూనే కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాడు. "ముందల బండోడు ఆపకపాయె. చెయ్యెత్తిన. సూసి గూడ పాయె."

మా డ్రైవర్ ముందుకు వెళ్లి ఆయన మూట అందుకున్నాడు. "నేనే పెద్దయ్యా. జాగ లేకుండె. తప్పైంది."

ముసలాయన అతని ముఖంలోకి కాసేపు చూశాడు. "గుడి ఎటు దిక్కు బిడ్డా?" అని అడిగాడు. ముగ్గురం కలిసి ఆయన్ను వెంటపెట్టుకుని నడిచాం.