బొమ్మకీ కథకీ సమానంగా చోటు: తిరుపతిలో మా పత్రిక మొదలైన తీరు

మామూలుగా పత్రికల్లో కథ అంతా సిద్ధమయ్యాక, పేజీలో ఖాళీ మిగిలితే అప్పుడు ఆర్టిస్టుకి ఫోన్ చేస్తారు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. తిరుపతి నుంచి మేం తెచ్చే పత్రికలో రచయితా, ఆర్టిస్టూ ఇద్దరూ మొదటి నుంచీ కలిసి పనిచేయాలని గట్టిగా అనుకున్నాం.

ముందు పేరు. పత్రికల రిజిస్ట్రేషన్‌కి 1867 నాటి చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది కాబట్టి దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్‌లోనే (కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) పెట్టాలి. దేశంలో ఎక్కడైనా తెలుగులో, లేదా మన రాష్ట్రంలో ఏ భాషలోనైనా అలాంటి పేరు ఇంకొకరికి ఉంటే మనకివ్వరు. మంచి పేర్లు చాలావరకు ఎవరో ఒకరు తీసేసుకున్నారు, రెండు మూడు ఆలోచించుకుని దిగండి.

అసలు పని శ్రీకాళహస్తిలో జరిగింది. కలంకారీ వేసే ఒక పెద్దాయనకి కథ ప్రింటు తీసి ఇస్తే, పక్కన పెట్టి "చదివి వినిపించు నాయనా" అన్నారు. వింటూనే, కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తూ పోయారు. ఆ కలంలో వాడే సిరా ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రవం, గుడ్డలోని కరక్కాయ తగిలితేనే నల్లగా తేలుతుంది. కథలో ఒక్క వాక్యంలో వచ్చిపోయే ముసలమ్మని ఆయన గుడ్డ మధ్యలో కూర్చోబెట్టారు. అది చూసి రచయిత్రి చివరి భాగం తిరగరాసింది. మా పత్రిక దీనికోసమే కదా అనిపించింది!

ఆ నలుపే ప్రెస్సులో మమ్మల్ని ఏడిపించింది. మాప్లిథో, అంటే నున్నటి పూత లేని అచ్చు కాగితం, ఇంకు పీల్చేస్తుంది, ఉత్త నల్ల ఇంకుతో వేస్తే బూడిదరంగుకి దిగిపోయింది. బొమ్మల్లో నలుపుకి కొంచెం సయాన్ (నీలం), మెజెంటా (ముదురు గులాబీ) ఇంకులు కలిపించాం, చిన్న అక్షరాలకి మాత్రం ఉత్త నలుపే. ఎంత టెన్షన్ ఉన్నా స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పకండి, అచ్చేసే కాగితం మీదే ప్రూఫ్ (నమూనా అచ్చు) అడగండి, వాళ్లు విసుక్కున్నా సరే. రెండు పేజీలకి పరుచుకునే బొమ్మని నడిమి పేజీల్లోనే పెట్టించాం, మడత మధ్యలో పిన్ను కొట్టే సెంటర్ పిన్ పుస్తకంలో మిగతా చోట్ల ఆ రెండు సగాలూ వేర్వేరు షీట్లలో పడతాయి, గీత కలవడం కష్టం.

రచయితకి ఎంతిచ్చామో ఆర్టిస్టుకీ అంతే ఇచ్చాం. రెండో సంచిక స్వర్ణముఖి నది మీద. రచయిత, ఆర్టిస్టు జతలు ముందే కుదిర్చేశాం, కథ ముందా బొమ్మ ముందా అనేది వాళ్లిష్టం.