రెండు వరసల మధ్య సందులో పారిస్ దాకా

రెడింగ్ నుంచి పారిస్‌కి బైకుల మీద వెళ్దామని బాబాయి అన్నప్పుడు, ఇంగ్లండులో నాకు బైకు లైసెన్సు వచ్చి ఆరు నెలలే. ఆయన ఇరవై ఏళ్లుగా ఆ రోడ్ల మీదే తిరుగుతున్నాడు. ముందు ఆయన, వెనక నేను, మాట్లాడుకోవడానికి హెల్మెట్లలో ఇంటర్‌కామ్.

ఎం4 హైవే నుంచి ఎం25 హైవే ఎక్కామో లేదో, హీత్రూ దగ్గర ట్రాఫిక్ బిగుసుకుపోయింది. లండన్ చుట్టూ 117 మైళ్ల రోడ్డది. శుక్రవారం మధ్యాహ్నం దాని మీద కదలడమే గొప్ప. పైన బోర్డుల్లో వేగం గంటకి 60 మైళ్ల నుంచి 40కి పడింది. కాసేపటికి ఆ 40 కూడా అత్యాశే అయింది. బాబాయి కుడివైపు చివరి రెండు లేన్ల మధ్య సందులోకి దూరాడు.

"రారా. ఇండికేటర్లు నమ్మకు, ముందు చక్రాలు చూడు. చక్రం తిరిగిందంటే కారు వచ్చేసినట్టే."

దీన్ని అక్కడ ఫిల్టరింగ్ అంటారు. తప్పేం కాదు. బ్రిటన్ ట్రాఫిక్ రూల్స్ పుస్తకం హైవే కోడ్‌లో 88వ నియమం జాగ్రత్తగా, తక్కువ వేగంతో వెళ్లమంటుంది కానీ ఎంత తక్కువో అంకె చెప్పదు. ఎంతలో పోవాలని అడిగితే బాబాయి, "ఎవడైనా అడ్డం వస్తే ఆగగలిగినంతలో" అన్నాడు. రెండు నిమిషాల్లోనే ఒక తెల్ల వ్యాను అడ్డం వచ్చింది. పక్క లేనులో రెండు కార్ల మధ్య ఖాళీ కనబడగానే విసుగెత్తిన డ్రైవరు అందులోకి దూకాడు. బ్రేకు పట్టాను. చెమటలు పట్టాయి. అప్పట్నుంచి ఖాళీ కనబడితే చాలు, ముందే స్లో చేశాను.

నేను తప్పు చేసింది మాత్రం రోడ్డు ఖాళీ అయ్యాక. నడిమి లేనులో ఒక కారు 60లో తాపీగా పోతోంది. ఎడమ లేనంతా ఖాళీ, అయినా జరగడు. నేను ఎడమ లేనులోంచే 70లో దాటేశాను. ఇంటర్‌కామ్‌లో ఒక్క మాట లేదు. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే చోటు, క్లాకెట్ లేన్ సర్వీసెస్‌లో కాఫీ తీసుకున్నాకే మొదలైంది.

"ఎడమవైపు నుంచి ఓవర్‌టేక్ చేస్తావేంట్రా?"

"వాడు జరగలేదు కదా బాబాయ్."

"వాడిదీ తప్పే. పోలీసులు చూస్తే వంద పౌండ్ల ఫైను, లైసెన్సు మీద మూడు పాయింట్లు. కానీ నువ్వు దాటేటప్పుడే వాడికి బుద్ధొచ్చి ఎడమకి జరిగుంటే?"

జామ్‌లో అన్ని లేన్లూ నెమ్మదిగా పాకుతున్నప్పుడు మన లేను పక్కదానికంటే కాస్త ముందుకు పోతే పరవాలేదు. రోడ్డు తెరిపిగా ఉన్నప్పుడు దాటాల్సింది కుడివైపు నుంచే. 268వ నియమం. పరీక్షకి బట్టీ పట్టిందే, అవసరానికి గుర్తు రాలేదు.

ఫోక్‌స్టన్‌లో బైకులతో సహా ఫ్రాన్సు వెళ్లే రైలెక్కాం. సముద్రం కింది సొరంగంలోంచి ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం, అంతసేపూ బైకుల పక్కనే ఉన్నాం. అవతల దిగేసరికి అన్నీ తిరగబడ్డాయి. కుడివైపు నడపాలి, ఎడమ నుంచి దాటాలి. రైలు దిగిన ఊరు కలే నుంచి పారిస్ దగ్గరకొచ్చేదాకా టోల్ గేట్లు తప్ప చెప్పుకోడానికేం లేదు.

పారిస్ శివార్లలోని రువాసీ విమానాశ్రయం దాటాక ఎ1 హైవే మీద మళ్లీ జామ్. ఫ్రాన్సులో ఈ సందు ప్రయాణాన్ని కొన్ని జిల్లాల్లో 2016లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2025 జనవరిలో దేశమంతటా చట్టబద్ధం చేశారు. ఇక్కడ అంకె ఉంది. గంటకి 50 కిలోమీటర్లు మించకూడదు. అదీ ఎడమవైపు చివరి రెండు లేన్ల మధ్యే. రోడ్డు మీద మంచు పేరుకున్నా, రోడ్డు పనులు జరుగుతున్నా కుదరదు. ట్రాఫిక్ వేగం పుంజుకోగానే మళ్లీ లేనులోకి వచ్చేయాలి. హమ్మయ్య, స్పీడోమీటరు చూసుకుంటే చాలనుకున్నాను. నేను 45లో పోతుంటే వెనక స్కూటర్లు హెడ్‌లైట్లు కొడుతున్నాయి. ఆ సందులో ఒక బైకు ఇంకో బైకుని దాటకూడదట, అందుకని నా తోకకి అంటుకుని టెన్షన్ పెట్టేశారు. వాళ్లకి 50 అంటే చిన్నచూపని అర్థమైంది. చివరికి లేనులోకి తప్పుకుని దారిచ్చాను.

మళ్లీ సందులోకి వచ్చాక ముచ్చటేసింది. అద్దంలో మమ్మల్ని చూసి కార్లవాళ్లు ఎడమకి జరిగి చోటిస్తున్నారు. బాబాయి దాటిన ప్రతిసారీ కుడికాలు పక్కకి చాపుతున్నాడు. కాలు పట్టేసిందేమోనని అడిగాను.

"థాంక్స్ చెప్తున్నానురా. చెయ్యి యాక్సిలరేటర్ మీదుంది కదా."

సెంట్ డెనీ దగ్గర ఒక పాత నీలం కారు నా కోసం జరిగింది. నేనూ కాలు చాపాను. బైకు కొంచెం ఊగింది. కారులోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపాడు, ఇంటర్‌కామ్‌లో బాబాయి నవ్వు.